ముల్లంగి అడిగిన ఇంటిపేరు

మా పాఠ్యపుస్తకంలో నాకు బొత్తిగా నచ్చని మాట ఒకటుంది. ఆత్మవంధ్యత్వం. తన పుప్పొడి తన మీదే పడితే కాయ కట్టని పువ్వుకు పెట్టిన పేరది. వంధ్య అంటే గొడ్రాలు. గోదావరిఖనిలో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఆ పేజీ దగ్గరికి రాగానే నాకు ఒళ్లు మండుతుంది. పక్క మొక్క పుప్పొడి రవ్వంత పడనీయండి, అదే పువ్వు నిక్షేపంగా కాయ కడుతుంది. చేతకాకపోవడం వేరు, ఒప్పుకోకపోవడం వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టిన పండితుడెవరో గాని, ఇంట్లో ఆడవాళ్లను ఒక్క మాట అడిగి ఉండడు.

అందుకే ఆ పాఠం నేను పుస్తకం మూసి చెబుతాను.

"మీ ఇంటిపేరూ పిల్ల ఇంటిపేరూ ఒకటే అయితే పెళ్లి చేస్తరా?" అని అడుగుతాను.

"చెయ్యరు మేడం."

"ఎందుకు?"

"అన్నాచెల్లెండ్లు అయితరు మేడం."

"మరి పువ్వుకు ఈ సంగతి ఎవరు చెప్పిండ్రు?"

అక్కడ అందరూ నా వైపే చూస్తారు. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో మధ్యాహ్నం బ్లాస్టింగు జరిగి కిటికీ అద్దాలు గలగలమన్నా ఎవరూ అటు తిరగరు. అప్పుడు మొదలుపెడతాను.

చాలా పూలలో ఆడా మగా ఒకే గడపలో ఉంటాయి. పుప్పొడి రాలితే మొదట పడేది తన పువ్వు మీదే. అలా తనతో తనే పిల్లల్ని కంటూ పోతే వంశంలో దాగి ఉన్న లోపాలు జతకూడి పైకొస్తాయి, మొలకలు పీలగా వస్తాయి. ఎప్పుడో, ఏ మొక్కలోనో, సొంత పుప్పొడిని గుర్తుపట్టి వద్దనే గుణం పుట్టింది. దాని పిల్లలు గట్టిగా బతికాయి, ఆ గుణం నిలిచింది. ఎవరూ కూర్చుని ఆలోచించింది కాదు, లక్షల ఏళ్లలో బతికినవాటి లెక్క అది. ఇందులో ముఖ్యంగా రెండు జన్యువులు. ఒకటి పుప్పొడికి గుర్తు వేస్తుంది, రెండోది పువ్వు కొసన ఉండే కీలాగ్రంలో ఆ గుర్తును చదువుతుంది. రెండూ పక్కపక్కనే ఉండి ఒక తరం నుంచి ఇంకో తరానికి జంటగా వస్తాయి. విడిపోతే కాపలా పోయినట్టే. ఈ ఏర్పాటు ఒక్క చోటే పుట్టి అంతటా పాకలేదు. ముల్లంగి కుటుంబంలో వేరే, పెటూనియా కుటుంబంలో వేరే, ఎవరి దారిన వాళ్లు కనిపెట్టుకున్నారు.

ముల్లంగి పువ్వు మీద తన గుర్తున్న పుప్పొడి వాలిందనుకోండి, కీలాగ్రం దానికి నీళ్లు ఇవ్వదు. పొడిగా వచ్చిన రేణువు ఆ తడి తాగితేనే మొలకెత్తేది. బయటివాడికి నీళ్లిస్తుంది, ఇంటివాడిని గడపలోనే ఎండబెడుతుంది. ఈ మాట చెప్పగానే పిల్లలు నవ్వుతారు. మా దగ్గర మాత్రం పగవాడొచ్చినా ముందు చెంబుతో నీళ్లిస్తారు.

ఈ పాఠం ఇన్నేళ్లు చెప్పి, చివరికి మా ఇంట్లోనే దానికి పరీక్ష రాస్తానని అనుకోలేదు.

మా తమ్ముడికి ఒక్కతే కూతురు. రామగుండంలో ఒక దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. నన్ను అత్తా అని పిలుస్తుంది, వాళ్లమ్మకు చెప్పలేనివి నాకు చెబుతుంది. కిందటి చలికాలంలో ఒకరోజు షేర్ ఆటో దిగి నేరుగా మా ఇంటికొచ్చి, పెరట్లో ముల్లంగి మడి దగ్గర కూర్చుంది. ఎరువుల కర్మాగారంలో పనిచేసే ఎలక్ట్రీషియన్ ఒకతన్ని ఇష్టపడుతున్నానంది. నెమ్మదస్థుడట. రక్తపరీక్షకు వచ్చి సూది చూసి కళ్లు తిరిగి పడిపోయాడట.

"గంత ధైర్యవంతుడా?" అన్నాను.

నవ్వింది, వెంటనే ఏడ్చింది. అతని ఇంటిపేరు చెప్పింది. మా ఇంటిపేరే.

నాకు పెళ్లయి ఇంటిపేరు మారింది. ఆడదాని ఇంటిపేరు మూడు ముళ్లతో మారిపోతుంది, మగవాడిది మాత్రం రాతిమీద చెక్కినట్టు చూస్తాం. పుట్టింటి పేరు మాత్రం చెవిలో అలాగే ఉంటుంది. అది వినగానే ఏ ఊరివాళ్లని అడిగాను. ఆ అబ్బాయి తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి కొత్తగూడెం బొగ్గుబాయిలో పనిచేశాడు, తండ్రి బదిలీ మీద ఇటొచ్చాడు. అటువైపు మా పేరువాళ్లు ఉన్నట్టు ఎప్పుడూ వినలేదు.

"బాపు ఒప్పుకోడు అత్తా. ఆయన ఒప్పుకోకుంటే నేను చేసుకోను. చేసుకోకుంటే ఇంకెవర్నీ చేసుకోను" అంది. ఆ పిల్ల మొండితనం మా తమ్ముడిది. ఇద్దరిలో ఎవరో ఒకరు విరిగిపోతారు, అది నాకు అప్పుడే తెలిసింది. భయమేసింది.

మా తమ్ముడు డంపర్ ఆపరేటర్. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. విషయం చెప్పగానే, "మన పాలోళ్ల పిల్లగాడే గదా, అన్న అయితడు. ఇంక ముచ్చట లేదు" అన్నాడు. పాలోళ్లంటే ఒకే మూలపురుషుడి నుంచి చీలిన ఇళ్లవాళ్లు. అంతే, మళ్లీ ఆ ఊసెత్తలేదు. కూతురు వడ్డిస్తే తినేవాడు గాని, మొహం చూసేవాడు కాదు.

నేను ఊరుకునే రకం కాదు. ఆ పిల్లతో కలిసి ముల్లంగి మడిలో ఒక పని పెట్టాను. పూతకొచ్చిన ఒక మొక్క కొమ్మకు కాగితం కవరు కట్టి, తన పుప్పొడినే తనకు అద్దించాను. అదే మొక్కకు ఇంకో కొమ్మ మీద, సంతలో తెచ్చిన నాటు విత్తనం మొక్క పుప్పొడి అద్దించాను. కొన్నాళ్లకు రెండో కొమ్మ నిండా కాయలు, మొదటిదాని మీద ఎండిన తొడిమలు. తమ్ముణ్ని పిలిచి చూపించాను. పువ్వు గుర్తు ఎలా చదువుతుందో, పేరుకూ రక్తానికీ తేడా ఏమిటో చెప్పి ఒప్పించాలని నా ఎత్తు.

వాడు వంగి శ్రద్ధగా చూశాడు. ఎండిన తొడిమను వేలితో తాకాడు.

"అంటే ముల్లంగికి గూడ ఎరుకనే గదా అక్క, ఒక్క ఇంటోళ్లు వద్దని. నువ్వే సాక్ష్యం తెస్తివి" అన్నాడు.

ఇన్నేళ్లలో ఏ విద్యార్థీ నన్ను అంత తేలిగ్గా దెబ్బకొట్టలేదు. మేనకోడలు కవరు ఊడదీసి నలిపి పారేసి లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి వంటలో రెండుసార్లు ఉప్పు వేశానని మా ఆయన తర్వాత చెప్పాడు.

తొందరలో నేను సగమే చెప్పాను. మిగతా సగం మర్నాడు క్లాసులో పెటూనియా గురించి చెబుతూ ఉంటే తట్టింది. ముల్లంగి పుప్పొడి మీద ఒక పై పూత ఉంటుంది. ఆ పూత తండ్రి మొక్క వేసింది. కీలాగ్రం చదివేది దాన్నే, రేణువు లోపల ఏముందో కాదు. అంటే ముల్లంగి తొడుక్కొచ్చిన అంగీ చూస్తుంది. పెటూనియా అలా కాదు. రేణువును లోపలికి రానిస్తుంది, నాళం సగందాకా దిగనిస్తుంది, రేణువు తనకు తానుగా మోస్తున్న జన్యువును చదివి, తనదే అని తేలితే అక్కడ ఆపేస్తుంది. ఒకటి గడపలో అంగీ చూసేది, ఇంకొకటి లోపలికి పిలిచి మనిషిని చూసేది. మా తమ్ముడు ముల్లంగి జాతి అని అర్థమైంది. మా తమ్ముడేమిటి, మా వాడకట్టంతా అంతే.

కాబట్టి లోపలికి పిలవాలి అనుకున్నాను. అబ్బాయివాళ్లు ఒక్కసారి వచ్చి కూర్చోనీ, కాదంటే మొహం మీదే కాదను, చాటున కాదనడం మర్యాద కాదు అని తమ్ముడితో పోట్లాడాను. మర్యాద అనే మాటకు వాడు లొంగుతాడు. సరేనన్నాడు. తోడుగా ఉంటాడని ఊరి నుంచి మా చిన్నబాపును పిలిపించాడు. మా నాన్న తమ్ముడు, మా ఇంట్లో మిగిలిన ఒకే ఒక పెద్దమనిషి. వయసులో ఉండగా బాయి పని దొరికినా వదిలేసి పారిపోయి వచ్చాడని మా చిన్నప్పుడు అందరూ ఆటపట్టించేవాళ్లు. ఆయన కోపగించేవాడు కాదు. "బాయిల చీకటి నన్ను మింగుత అన్నది, నేనొద్దన్న" అని నవ్వేవాడు. నాకు తెలిసినంతవరకూ అది నవ్వులాట కథే.

ఆదివారం పొద్దున వాళ్లొచ్చారు. అబ్బాయి, తండ్రి, తాత, వాళ్లతో ఒక రిటైర్డ్ గుమస్తా. ఈ గుమస్తా ఒకప్పుడు బాయి గేటు దగ్గర హాజరు పిలిచేవాడట, ఇప్పుడు ఇలాంటి సంబంధాలకు మధ్యవర్తి. మా మరదలు ఎవరి ముఖం చూడకుండా అందరికీ నీళ్లు తెచ్చింది. నేను ఆ గ్లాసుల వైపే చూశాను. పోనీలే, ఇక్కడిదాకా వచ్చాం అనుకున్నాను. అబ్బాయి తాత సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. నీళ్లు తాగకుండా గ్లాసు చేతిలో పట్టుకుని నేల చూస్తున్నాడు.

చాలాసేపు ఎండల గురించే మాట్లాడారు. చలికాలంలో ఎండల గురించి మాట్లాడారంటే ఎంత ఇబ్బందిగా ఉందో చూడండి. చివరికి మా తమ్ముడు, "తప్పుగ అనుకోకుండ్రి, ఇంటిపేరు ఒక్కటే అయినంక నేను చేసేదేం లేదు" అన్నాడు. లోపలి గదిలో ఏదో గిన్నె కింద పడింది. మేనకోడలు అక్కడే ఉంది.

గుమస్తాకు వాతావరణం తేలికచేయాలని బుద్ధి పుట్టింది. అబ్బాయి తాత వైపు తిరిగి, "ఏంది పెద్దాయన, నువ్వన్న మాట్లాడవైతివి" అని, పాత అలవాటుకొద్దీ గేటు దగ్గర హాజరు పిలిచినట్టు ఇంటిపేరుతో సహా ఆయన పేరు గట్టిగా పిలిచాడు.

"ఆ" అన్నారు ఇద్దరు.

అబ్బాయి తాత ఒకరు. గోడవార మంచం మీద కూర్చున్న మా చిన్నబాపు ఇంకొకరు.

మొదట మేమంతా నవ్వాం. ఒకే పేరున్న ముసలివాళ్లు లోకంలో లేరా అని. నవ్వనిది వాళ్లిద్దరే. మా చిన్నబాపు మంచం దిగి, ఆ పొడుగాటి మనిషి దగ్గరికి వచ్చి, మొహంలోకి మొహం పెట్టి చూశాడు.

"ఏ బాయిల చేరినవ్ నువ్వు, మొదట?"

ఆయన చెప్పాడు. మా చిన్నబాపు వదిలేసి పారిపోయి వచ్చిన బాయే అది.

"నా పేరు పిలిచినప్పుడు ఆ అన్నది నువ్వేనా?"

ఆ పెద్దాయన చేతిలోని గ్లాసు కింద పెట్టాడు.

"నేనేనండి. పని కోసం వచ్చి గేటు దగ్గర నిలబడ్డానండి, మూడు పూటలుగా తిండి లేదు. ఎవరిదో పేరు పిలిచారు. ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచారు. పక్కనున్నాయన, ఒరే, ఆ అనరా, లోపలికి పో అన్నాడు. అన్నానండి. అంతే, ఆ పేరు మీదే బతుకంతా అయిపోయింది. బయటపెడితే పింఛను పోతుందని మా ఆడదానికి, కొడుక్కి తప్ప ఎవరికీ చెప్పలేదు. వీడికీ తెలీదు" అని మనవణ్ని చూపించాడు. అబ్బాయి నోరు తెరుచుకుని తాతనే చూస్తున్నాడు. సూది చూసినప్పుడూ ఇలాగే ఉండి ఉంటాడు.

బాయి పనిలో ఒకరి పేరు మీద ఇంకొకరు చేరడం మా దగ్గర వింత కాదు. దానికి మారుపేరు అని పేరు కూడా ఉంది. అప్పట్లో మనిషి భుజాలు చూసేవాళ్లు గాని పేరు ఎవరు చూశారు? ఆ మాట చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. మా ఇంటిపేరే అలా ఒకరి వీపు మీద ఊళ్లు తిరిగి, కొడుక్కీ మనవడికీ అంటుకుని, పెళ్లిచూపులకు మా గడపలోకే వస్తుందని మాత్రం కలగనలేదు. అంగీ మాది, మనిషి కాదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

మా తమ్ముడు నేను భయపడుతున్న ప్రశ్నే అడిగాడు.

"మరి అసలు మీరేమోళ్లు?"

ఆయన దాచలేదు. అసలు ఇంటిపేరు చెప్పాడు, కులం చెప్పాడు. మా కులం కాదు. ఒక చిక్కుముడి విప్పితే ఇంకొకటి పడ్డట్టయింది. ఇంటిపేరు ఒకటైతే దగ్గర అని వద్దన్నవాళ్లం, ఇప్పుడు దూరం అని వద్దంటామా అని నాకు కోపం వచ్చింది. నోరు తెరవబోయాను. మా చిన్నబాపు చెయ్యి ఎత్తి ఆపాడు.

"బిడ్డా, నువ్వాగు. నీ పూల ముచ్చట తర్వాత." తమ్ముడి వైపు తిరిగాడు. "నేను ఒక్కనాడు దిగి భయపడి ఉరికొచ్చిన. నా పేరు దిగుడు మాత్రం ఆగలె. ఈయన దిగిండు, దినాం. పైకప్పు కూలితే నా పేరు మీద ఈయన సచ్చేటోడు. నా బదులు చీకట్ల ఉన్నోన్ని నువ్వు ఏమోళ్లని అడుగుతున్నవా? మనోడే అనుకో."

వాళ్లు లేచి వెళ్తుంటే తమ్ముడు గేటుదాకా సాగనంపాడు. వాడి విషయంలో అది పెద్ద మాటే.

ఆ తర్వాత వారం పది రోజులకు ఒక సాయంత్రం తమ్ముడు డ్యూటీ దిగి, ఒంటి మీద బొగ్గు ధూళితోనే మా పెరట్లోకి వచ్చాడు. ముల్లంగి మడి దగ్గర నిలబడ్డాడు. కాయలు ముదిరి ఎండిపోతున్నాయి.

"అక్కా, కొత్త గుర్తు మీద వచ్చిన పుప్పొడిని ఏ పువ్వూ వద్దనదా?"

"అనదు. దాని గుర్తు ఎవరి దగ్గరా ఉండదు గదా. కొత్తగ వచ్చినదానికి అన్ని గడపలూ తెరిచే ఉంటయి. అందుకే అది జల్ది పెరుగుతది, అందుకే గన్ని రకాల గుర్తులు నిలిచినయి."

"మన ఖని లెక్కనే" అన్నాడు. ఇక్కడ ఎవరూ ఇక్కడివాళ్లు కాదు, లేదా అందరూ ఇక్కడివాళ్లే. వాడు ఒక కాయ తెంపి నలిపాడు, గింజలు అరచేతిలోకి రాలాయి. వాటిని జేబులో వేసుకున్నాడు. "పొల్లకు చెప్పు" అన్నాడు. తనే చెప్పొచ్చు గదా అంటే, సిగ్గుపడ్డాడు. నాకు వాడి మీద ఎంత ప్రేమ వచ్చిందంటే, తిట్టకుండా ఉండలేకపోయాను.

వైశాఖంలో పెళ్లి. రామగుండం ఎండల్లో, కాలనీ కమ్యూనిటీ హాల్లో, కూలర్లు నీళ్లకన్నా చప్పుడే ఎక్కువ చిమ్ముతుండగా. శుభలేఖలో తాతల పేర్లు వేయలేదు. ఎవరైనా అడిగితే స్థలం చాల్లేదన్నాం. నేనూ ఇందులో ఎవరి పేరూ రాయకపోవడానికి కారణం మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

కానీ ప్రవర దగ్గర తప్పించుకోలేం. అయ్యగారు మైకు పట్టుకుని, వరుడి ముత్తాత పేరు, తాత పేరు, తండ్రి పేరు చెప్పమన్నాడు. ముత్తాత పేరు చెప్పారు. తాత పేరు దగ్గర అబ్బాయి తండ్రి తడబడి, అలవాటైన పేరు సగం అన్నాడు. మా చిన్నబాపు ముందు వరుసలోంచి లేచాడు.

"అయ్యగారూ, జెర ఆ మైకు బందు వెట్టుండ్రి."

అయ్యగారికి ఏమీ అర్థం కాలేదు గాని మైకు ఆపాడు. మా చిన్నబాపు ఆ పొడుగాటి పెద్దాయన భుజం మీద చెయ్యి వేశాడు.

"నా పేరు నాకిచ్చెయ్యి బావా. నీది నువ్వు చెప్పుకో."

పెద్దాయన అయ్యగారి చెవి దగ్గరికి వంగి చెప్పాడు. అయ్యగారు తల ఊపి, ఆ పేరును గోత్రంతో కలిపి, మైకు లేకుండా, పక్కనున్న మా అందరికీ వినపడేలా చదివాడు.

ముసలాయన చేతులు కట్టుకుని నిటారుగా నిలబడి, "ఆ" అన్నాడు.